వంక, తోపు, బండల గుట్ట: స్పోర్ట్ క్వాడా, యుటిలిటీ క్వాడా?

ప్రశ్న: మాది శ్రీనివాసపురం తాలూకా. నేను బెంగళూరులో, మారతహళ్లి దగ్గర ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్లో మామిడి తోట ఉంది. నాన్నకి అరవై దాటాయి, తోట ఆయనే చూసుకుంటారు. తోట వెనక వంక, అది దాటితే నీలగిరి తోపు, ఆపైన బండల గుట్ట. శని, ఆదివారాల్లో వెళ్లినప్పుడు ఆ దారుల్లో క్వాడ్, అంటే బైకులా హ్యాండిల్ పట్టి నడిపే నాలుగు చక్రాల బండి, నడపాలని చాలాకాలంగా కోరిక. దేవనహళ్లి వైపు అద్దె ట్రాక్‌లో ఒకసారి నడిపాక అది ఇంకా పెరిగింది. నా మనసు యమహా రాప్టర్ 700 అనే స్పోర్ట్ క్వాడ్ మీద ఉంది. మా బావ మాత్రం "యుటిలిటీ క్వాడ్ తీసుకో, తోట పనికైనా వస్తుంది" అంటున్నాడు. సరదా కోసం కొనే బండి పని బండిలా ఉండటం నాకిష్టం లేదు. తొమ్మిదేళ్ల మా అబ్బాయి వెనక కూర్చుంటానని ఇప్పట్నుంచే గొడవ చేస్తున్నాడు. ఏది కొనమంటారు?
పేరు రాయవద్దన్న పాఠకుడు, బెంగళూరు

సమాధానం: మీ బావగారు చెప్పిన బండే కొనండి. కాకపోతే ఆయన చెప్పిన కారణానికి కాదు. తోట పనికి రావడం పైలాభం. మీరు కోరుకుంటున్న సరదా ఏమిటి? వంక దాటి, తోపులోంచి వెళ్లి, గుట్ట ఎక్కి, అదే దారిన చీకటి పడేలోపు ఇల్లు చేరడం. ఆ సరదాయే మీకు యుటిలిటీ క్వాడ్ మీద ఎక్కువ దొరుకుతుంది. ఇది అద్దె ట్రాక్‌లో తెలిసే సంగతి కాదు. ట్రాక్‌ని చదును చేసి, మలుపులు తీర్చి, రాళ్లు ఏరేసి ఉంచుతారు. మీ వంకని ఎవరూ చదును చేయలేదు.

ముందు ఈ రెండు రకాలూ ఎలా వచ్చాయో కొంచెం చెబుతాను. హోండా 1970లో మూడు చక్రాల యూఎస్90తో ఈ బండ్లకు దారి తీసింది. నాలుగు చక్రాలది సుజుకి క్వాడ్‌రన్నర్, 1980ల మొదట్లో వచ్చింది. అక్కణ్నుంచి దారి రెండుగా చీలింది. సుజుకి ఎల్‌టీ250ఆర్, 1987 నాటి యమహా బాన్షీ లాంటివి పందేల కోసం పుట్టాయి: తేలిక శరీరం, చేత్తో నొక్కే క్లచ్, వెనక చక్రాలకే శక్తి. ఇంకోవైపు 1986లో హోండా ఫోర్‌ట్రాక్స్ 350 నాలుగు చక్రాలకూ శక్తినిచ్చి పొలాల్లోకి, పశువుల దొడ్లలోకి వెళ్లింది. మూడు చక్రాలవి బోల్తా కొట్టి చాలామంది చనిపోవడంతో 1988లో అమెరికాలో వాటి అమ్మకం ఆగిపోయింది. మీరు మనసు పడిన రాప్టర్ ఆ పందెం బండ్ల వంశంలోది. 686 సీసీ ఒకే సిలిండర్ ఇంజను, అయిదు గేర్లు, రివర్స్, బరువు 190 కిలోల చిల్లర. అద్భుతమైన బండి. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు, మీ దారికి సరిపోదంతే.

రాప్టర్ వెనక చక్రాలు రెండింటినీ కలుపుతూ ఒకే కడ్డీ ఉంటుంది. ఆ కడ్డీ మధ్యలో చైను తిరిగే పళ్ల చక్రం (స్ప్రాకెట్), బ్రేక్ డిస్క్ కిందికి వేలాడుతూ ఉంటాయి. అందుకే దాని గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఖాళీ, నాలుగున్నర అంగుళాలకు మించదు. బొమ్మలో చూస్తే ఎంతో ఎత్తుగా కనబడే బండికి అసలు కొలత ఇంతే. పందెం ట్రాక్‌లో ఇది లోపం కాదు. వెనక కడ్డీ ఒకటే కావడం వల్ల మలుపులో బండి పక్కకు ఒరగదు, యాక్సిలరేటర్ నొక్కితే వెనక భాగం జారుతూ తిరుగుతుంది, ఆ జారుడే అక్కడ ఆనందం. మీ వంకలో మాత్రం వానాకాలం నీళ్లు కోసిన గాడి ఒకటి ఉంటుంది, గాడి మధ్యలో రాయి ఉంటుంది. చక్రాలు రెండూ చెరో అంచున వెళ్తుంటే ఆ రాయి నేరుగా స్ప్రాకెట్‌కి తగులుతుంది. ఒక చక్రం రాయి ఎక్కితే రెండోదీ, దాంతో పాటు మీ నడుమూ పక్కకు వాలతాయి.

నేటి యుటిలిటీ క్వాడ్లు చాలావాటికి వెనక చక్రాలు దేనికదే విడిగా లేచి దిగుతాయి. పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 570నే తీసుకుంటే కింద దాదాపు పదకొండు అంగుళాల ఖాళీ ఉంటుంది. చైను లేదు, షాఫ్ట్ డ్రైవ్, అంటే ఇంజను శక్తి కడ్డీ ద్వారా చక్రాలకు అందుతుంది. ఒక మాట సూటిగా చెప్పాలి: సస్పెన్షన్ ఎంత లోతు అణుగుతుందన్న లెక్కలో రెండు రకాలకూ అనుకున్నంత తేడా లేదు. స్పోర్ట్ క్వాడ్ సస్పెన్షన్ ఎగిరి దూకి నేలకు దిగడానికి తయారైంది, యుటిలిటీది రాయి మీంచి నెమ్మదిగా దొర్లడానికి. మీ దారిలో మీరు గంటకు పదిహేను, ఇరవై కిలోమీటర్లు దాటే చోట్లు ఎన్ని ఉంటాయో ఈసారి ఊరెళ్లినప్పుడు బైకు మీదో, నడిచో ఒకసారి లెక్క చూసుకోండి. బండి ఎంచుకునే వాళ్లంతా తమ దారిలో వేగంగా వెళ్లే ముక్కను తలుచుకుని కొంటారు. బండిని ఎంచాల్సింది అన్నింటికన్నా నెమ్మదిగా వెళ్లే ముక్కను చూసి. అక్కడ ఇరుక్కుంటే మిగతా దారి ఎంత బాగున్నా మీకు అందదు.

వంక సంగతి ఇంకాస్త. ఎండాకాలం అందులో ఇసుక, వానలొస్తే బురద. పొడి ఇసుకలో స్పోర్ట్ క్వాడ్‌కి తిరుగులేదు. తేలికగా ఉంటుంది కాబట్టి వేగం తగ్గనివ్వకుండా ఇసుక మీద తేలుతూ పోతుంది. కానీ ఒడ్డు ఎక్కేటప్పుడు వేగం చచ్చి, వెనక చక్రాలు మాత్రమే తిరుగుతూ గుంత తవ్వుకుంటాయి. నాలుగు చక్రాలకూ శక్తి అందితే ముందు చక్రాలు ఒడ్డును పట్టుకుని బండిని పైకి లాగుతాయి. స్పోర్ట్స్‌మన్ లాంటి వాటిలో స్విచ్ వేసి ఉంచితే చాలు, వెనకవి జారిన క్షణంలో ముందువి అందుకుంటాయి. కొన్నింటికి డిఫ్ లాక్ కూడా ఉంటుంది. అప్పుడు ముందు చక్రాలు రెండూ కట్టేసినట్టు ఒకేలా తిరుగుతాయి, హ్యాండిల్ బరువెక్కుతుంది. ఒడ్డు ఎక్కగానే తీసేయాలి.

నీలగిరి తోపు తేలికే. రాలిన ఆకుల కింద ఏముందో కనబడదు, నరికిన మొద్దులు ఉంటాయి, అంతే. కానీ తోపు అంచుల్లో, చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ ఉంటుంది. కోలార్ వైపు అది లేని చోటు వెతుక్కోవాలి. క్వాడ్ టైర్లలో గాలి చాలా తక్కువ, అయిదారు పీఎస్‌ఐ మాత్రమే ఉంటుంది, గోడలు మెత్తన. తుమ్మ ముల్లు దిగిందంటే గాలి పోవడం ఖాయం. రెండు రకాలకూ ఈ బాధ ఉంది. తేడా ఎక్కడంటే, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, చిన్న పంపు, నీళ్ల బాటిల్, తాడు అన్నీ యుటిలిటీకి ఉండే సామాను రాక్ మీద కట్టుకుపోవచ్చు. రాప్టర్ మీద అన్నీ మీ వీపు మీదే. పెట్రోలు కూడా చూసుకోండి: రాప్టర్ ట్యాంకు 11 లీటర్లు, స్పోర్ట్స్‌మన్‌ది 17 దాకా. గుట్ట అవతలి నుంచి 190 కిలోల బండిని తోసుకు రావడం అయ్యే పని కాదు.

ఇక గుట్ట. కోలార్, చిక్కబళ్లాపుర, రామనగర బండలు గ్రానైట్. పొడిగా ఉంటే టైరు వాటిని బంకలా పట్టుకుంటుంది. తొలకరి చినుకు పడి పాచి లేచాక వాటి మీదికి ఏ బండీ తీసుకెళ్లకండి. పొడి రోజుల్లో ఎక్కడం ఎలాగోలా ఎక్కుతారు, దిగడమే గండం. ఇక్కడ స్పోర్ట్ క్వాడ్‌కి ఒక న్యాయమైన లాభం ఉంది: గేరు తగ్గించి క్లచ్ వదిలితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. యుటిలిటీ క్వాడ్లు చాలావరకు బెల్ట్ మీద నడుస్తాయి, మన స్కూటర్ల తరహాలోనే. కొన్ని పాతవాటిలో, చవకవాటిలో యాక్సిలరేటర్ వదలగానే బండి న్యూట్రల్‌లో ఉన్నట్టు జారుతుంది. అందుకే కొనేటప్పుడు ఇంజన్ బ్రేకింగ్ ఉందా అని అడగడం కాదు, ఏటవాలు చోట దిగి చూడండి. ఇంకొక మాట: లో రేంజ్, అంటే బండిని నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు. ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు, గంటకు పది పదకొండు కిలోమీటర్ల లోపు వెళ్లేటప్పుడు హెచ్ (హై)లోంచి ఎల్ (లో)కి మార్చాలి. మార్చకపోతే బెల్ట్ జారి, వేడెక్కి, కాలిన వాసన వస్తుంది. యుటిలిటీ క్వాడ్ "బలం లేనిది" అని తిట్టేవాళ్లలో సగం మంది ఆ ఎల్‌ని ఎప్పుడూ ముట్టుకోనివాళ్లే.

యుటిలిటీకి ఉన్న అసలైన ప్రమాదం దాని బరువు. 300 కిలోలు దాటిన బండి వెనక్కి గానీ పక్కకి గానీ తిరగబడితే మీ మీద పడుతుంది, ఒక్కరు లేపలేరు. రాప్టర్ మీ మీద పడినా దెబ్బ తగులుతుంది కానీ దాన్ని నెట్టుకుని బయటపడే అవకాశం కాస్త ఎక్కువ. కాబట్టి గుట్ట మీద నియమాలు కచ్చితంగా పాటించండి. ఎక్కేటప్పుడు శరీరం ముందుకు, దిగేటప్పుడు వెనక్కి, అడ్డవాలుగా వెళ్లాల్సి వస్తే ఎత్తువైపుకి. సగంలో ఆగిపోతే అక్కడే తిప్పే ప్రయత్నం చేయకండి. బ్రేకు పట్టి, ఎత్తువైపు నుంచి దిగి, నిదానంగా ఆలోచించండి. ఒంటరిగా గుట్టకి వెళ్లకండి, ఇంట్లో ఏ దారిన వెళ్తున్నారో చెప్పి వెళ్లండి.

మీరు బైకు నడిపే మనిషైతే ఒక అలవాటు మానుకోవాలి. బండి ఒరిగితే కాలు నేల మీద పెట్టడం. క్వాడ్ మీద ఆ పని చేస్తే వెనక చక్రం మీ మడమను పట్టి కాలిని కిందికి లాగేస్తుంది. యుటిలిటీకి పాదం మొత్తం ఆనే పళ్లెం ఉంటుంది, పాదానికీ చక్రానికీ మధ్య అడ్డు ఉంటుంది. స్పోర్ట్ క్వాడ్‌కి సన్నటి పెగ్ మాత్రమే. స్పోర్టే కొనే పనైతే వల ఉన్న నెర్ఫ్ బార్లు (పాదం చక్రానికి తగలకుండా పక్కల ఉండే అడ్డు గొట్టాలు) బిగించకుండా ఒక్క అడుగు కూడా నడపకండి.

మీ అబ్బాయి విషయంలో నా జవాబు ఒక్కటే: కూర్చోబెట్టవద్దు. రాప్టర్ మీదా, మామూలు స్పోర్ట్స్‌మన్ మీదా కూడా. సీటు పొడవుగా ఉండేది ఇంకొకరి కోసం కాదు, నడిపేవారు ముందుకూ వెనక్కూ జరగడానికి. వెనక ఒకరు కూర్చుంటే మీరు ఎత్తులో ముందుకు వంగినా ఆ బరువు వెనకే ఉండిపోయి ముందు చక్రాలు లేస్తాయి. ఇద్దరి కోసమే చేసిన పొడుగు మోడళ్లు వేరే ఉన్నాయి, స్పోర్ట్స్‌మన్ టూరింగ్, కాన్-యామ్ అవుట్‌ల్యాండర్ మాక్స్ లాంటివి. వాటి మీద కూడా వెనక కూర్చున్నవారి పాదాలు ఫుట్‌రెస్ట్‌కి గట్టిగా ఆనాలి, చేతులు పిడికి అందాలి. తొమ్మిదేళ్లకి అది కష్టం. పదహారేళ్ల లోపు పిల్లలు పెద్దల క్వాడ్ నడపకూడదన్నది తయారీదారులే బండి మీద అంటించే హెచ్చరిక. ఆరేళ్లు, పదేళ్లు పైబడిన పిల్లలకని వేరే చిన్న క్వాడ్లు ఉన్నాయి. అంత ఆశగా ఉంటే మంచి ట్రాక్‌లో, హెల్మెట్ పెట్టి, వాడి సైజు బండి మీద శిక్షకుడి ముందు నేర్పించండి. ఆన్‌లైన్‌లో చవగ్గా కనబడే పేరులేని 110, 125 సీసీ బండ్లు పిల్లల బొమ్మల్లా అమ్ముతారు, వాటి బ్రేకుల మీద నాకు నమ్మకం లేదు. వాడు ఎంత ఏడ్చినా సరే, ఈ ఒక్క విషయంలో మెత్తబడకండి.

కొనే ముందు చట్టం సంగతి తేల్చుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని మోటారు బండి బహిరంగ స్థలంలో తిరగకూడదు. ఇక్కడ దొరికే క్వాడ్లలో చాలావరకు రోడ్డు కోసం ధ్రువీకరించినవి కావు. కాబట్టి మారతహళ్లి అపార్ట్‌మెంటులో పెట్టుకుని హొసకోటె మీదుగా నడుపుకుంటూ వెళ్లే బండి కాదిది. మినీ లారీలో ఎక్కించి ఊరు చేర్చి, అక్కడే ఉంచాలి. మీ తోటకీ తోపుకీ మధ్య ఊరి దారి అడ్డంగా ఉంటే అది దాటడం కూడా బహిరంగ స్థలమే. రిజిస్ట్రేషన్ లేని బండికి మామూలు మోటారు బీమా కూడా ఉండదు. ఎవరికైనా తగిలితే భారం మొత్తం మీదే. పొలారిస్ ఒక దశలో స్పోర్ట్స్‌మన్ 570ని ట్రాక్టర్ తరగతిలో ధ్రువీకరించి రోడ్డుకి పనికొచ్చేలా మన దేశంలో అమ్మింది. అలాంటిది సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఆర్సీలో ఉన్న మోడల్, ఛాసిస్ నంబరు బండితో సరిపోయాయో లేదో చూసి తీసుకోండి. మీ అవసరానికి అంతకంటే దగ్గరి బండి నాకు కనబడటం లేదు.

తోపు ఎవరిది, గుట్ట ఎవరిది? మీ లేఖలో అది లేదు. తోపు పక్క రైతుదైతే ముందు ఆయన్ని అడగండి. గుట్ట పహణీ తీయించి చూడండి. రిజర్వ్ ఫారెస్ట్ అయితే అనుమతి లేకుండా బండి తీసుకెళ్లడం నేరం, అప్పుడు మీ దారి తోపు దగ్గరే ఆగాలి. ఆంధ్ర వైపు దాటితే పలమనేరు, కుప్పం పరిసరాల్లో కౌండిన్య అభయారణ్యం ఉంది, ఏనుగులు తిరిగే చోటు. అటు పోవాలన్న ఆలోచనే వద్దు. మీ తాలూకాలో పట్టుపురుగులు పెంచేవాళ్లూ ఉంటారు కదా. మల్బరీ తోట పక్క మట్టిదారిలో దుమ్ము లేపుకుంటూ పోతే ఆ ఆకు పురుగులకి పనికిరాదు, ఒక పంట పోతుంది. అక్కడ నడక వేగంతో వెళ్లండి. సైలెన్సర్ మార్చి శబ్దం పెంచే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. తాళ్లు తెంపుకున్న ఆవుల కోసం ఊరంతా వెతికే రోజు మీ సరదా అక్కడితో ఆగిపోతుంది.

"పని బండి" అన్న మీ అయిష్టం దగ్గరికి వస్తాను. అది నాకు అర్థమవుతుంది. వారమంతా పని చేసి, ఆదివారం కూడా పని గుర్తు చేసే బండి ఎక్కడం ఎవరికి ఇష్టం? కానీ మీ నాన్నగారిని తలుచుకోండి. అరవై దాటిన మనిషి మామిడి కాలంలో ఆ చివర నుంచి ఈ చివరకి ఎన్నిసార్లు నడుస్తారో మీకు తెలుసు. గేర్లు, క్లచ్ లేని బండి, వెనక రాక్ మీద 80 కిలోల దాకా బరువు, అంటే మూడు క్రేట్ల కాయలు హాయిగా. ఆయన కూడా ముందు హెల్మెట్ పెట్టుకుని, చదును చోట నేర్చుకోవాలి. రాప్టర్ వల్ల మీకు నెలలో నాలుగైదు పూటల ఆనందం ఉంటుంది. మిగతా రోజులు అది పాకలో పడి ఉండి, బ్యాటరీ దిగి, ఎర్రదుమ్ము పట్టిన చైనుతో మీ కోసం ఎదురుచూస్తుంది. ఇంట్లో ఇద్దరు వాడే బండి రోజూ స్టార్ట్ అవుతుంది, రోజూ స్టార్ట్ అయ్యే బండి పాడవడం తక్కువ.

అయినా స్పోర్టే కావాలనిపిస్తే, ఎక్కడ ఆ నిర్ణయం సరైనదో కూడా చెబుతాను. తోటలో చదునైన ఎర్రమట్టి ఖాళీ జాగా ఉండి, అక్కడ గుండ్రంగా ట్రాక్ గీసుకుని మలుపులు సాధన చేయాలనుకుంటే, బండిని మీరే విప్పి బిగించుకునే ఓపిక ఉంటే, స్పోర్ట్‌కి సాటి లేదు. అలాగైనా 700తో మొదలుపెట్టకండి. సుజుకి ఒకప్పుడు ఇక్కడ క్వాడ్‌స్పోర్ట్ జెడ్400 అమ్మింది, 398 సీసీ. కొత్తగా నేర్చుకునేవారు బొటనవేలితో యాక్సిలరేటర్ నొక్కడంలో చేసే తప్పుల్ని రాప్టర్ కంటే బాగా ఓర్చుకుంటుంది. లేదా అసలు వేగం, దూకుడు కావాలంటే హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ లాంటి బైకు చూడండి. నంబరు ప్లేటు ఉంటుంది, ఇంటి నుంచే నడుపుకుంటూ వెళ్లొచ్చు, సర్వీసు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. మీరు చెప్పిన సరదాలో సగం దానితో తీరుతుందని నా అనుమానం.

డబ్బు కట్టే ముందు చేయాల్సినవి రెండు. నంది కొండ దారిలోనో, కనకపుర వైపో అద్దెకిచ్చే చోట్లలో యుటిలిటీ క్వాడ్ ఉన్నది చూసుకుని, చదును ట్రాక్ వద్దని చెప్పి, రాళ్లున్న దారిలో ఒక గంట అడగండి. ముందు హెచ్‌లో, తర్వాత ఎల్‌లో ఒకే ఎత్తు ఎక్కి చూడండి. మీ నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్తే మంచిది. రెండోది, అమ్మేవారిని బండి గురించి కాకుండా విడిభాగాల గురించి అడగండి: డ్రైవ్ బెల్ట్, ఎయిర్ ఫిల్టర్, వెనక చక్రం బేరింగు. ఈ మూడూ బెంగళూరులో వారంలోపు ఇవ్వగలమని రాసిచ్చేవారి దగ్గరే కొనండి. కోలార్ ఎర్రదుమ్ములో ఎయిర్ ఫిల్టర్ ప్రతి రైడ్ తర్వాత తీసి చూడాలి, ఒకటి అదనంగా మొదటి రోజే కొని తోటలో పెట్టుకోండి.